బహుళ కేంద్ర పరీక్షల్లో ఉమ్మడి క్లౌడ్ పత్రాల వినియోగం: విడిగా నమోదు, కలిసి పరిశీలన

సారాంశం

ఒకే పరీక్షను పలు కేంద్రాల్లో నిర్వహించే శాస్త్రవేత్తలు, ఒకే సలహా పత్రాన్ని పలు విభాగాలవారితో కలిసి రూపొందించే విస్తరణ సిబ్బంది నేడు గూగుల్ షీట్స్, గూగుల్ డాక్స్ వంటి ఉమ్మడి క్లౌడ్ పత్రాలపై ఆధారపడుతున్నారు. వీటివల్ల కాలయాపన తగ్గింది. అయితే పత్రం అందరిదీ కావడంతో అందులోని అంకెకు బాధ్యుడెవరన్న ప్రశ్న ముందుకు వచ్చింది. క్షేత్ర గణాంకాల నమోదు, సలహాల రచన అనే రెండు పనులకు ఉమ్మడి పత్రాన్ని ఒకే తీరున వాడరాదని, మొదటి దానిలో ఎవరి పత్రం వారికి విడిగా ఉండాలని, రెండవ దానిలో ఆరంభం నుంచే అందరికీ తెరిచి ఉంచాలని ఈ వ్యాసం వివరిస్తుంది. నమోదులో తలెత్తే పొరపాట్లను లెక్కలతో చూపి, ఒక ఆచరణ క్రమాన్ని సూచిస్తుంది.

కీలక పదాలు: ఉమ్మడి క్లౌడ్ పత్రాలు, బహుళ కేంద్ర పరీక్షలు, గణాంకాల నమోదు, సవరణల చరిత్ర, వ్యవసాయ విస్తరణ

1. ఉపోద్ఘాతం

ఒక వరి కల్చర్ రకంగా విడుదల కావడానికి ముందు పరిశోధనా స్థానంలోని మడులను, ఇతర కేంద్రాల్లోని పరీక్షలను, రైతు పొలాల్లోని చిరుసంచుల ప్రదర్శనలను దాటి రావాలి. ఈ ప్రయాణమంతా అంకెల రూపంలోనే సాగుతుంది. ఏ కేంద్రంలో ఎన్ని రోజులకు పూత వచ్చింది, మడికి ఎంత దిగుబడి వచ్చింది, తెగులు స్కోరు ఎంత అన్న వివరాలే చివరికి నిర్ణయాన్ని శాసిస్తాయి. గతంలో ఈ అంకెలు ఫీల్డ్ బుక్ నుంచి పట్టికలోకి, అక్కడి నుంచి తపాలా ద్వారా, ఆ తరువాత ఈ-మెయిల్ ద్వారా ప్రధాన కేంద్రానికి చేరేవి. ఒకే పట్టికకు 'తుది', 'తుది-2', 'సవరించిన తుది' అనే పేర్లతో పలు ప్రతులు ఏర్పడి, వాటిలో నిజమైన తుది ప్రతి ఏదో తేల్చుకోవడమే ఒక పనిగా ఉండేది.

ఉమ్మడి క్లౌడ్ పత్రం ఈ చిక్కును తొలగించింది. ప్రతి ఒక్కటే, దానిని చూసేవారు, దిద్దేవారు అనేకులు. మారుటేరులో ఉదయం నమోదైన దిగుబడి క్షణాల్లో నెల్లూరులో కనిపిస్తుంది. ఈ సౌలభ్యం గురించి ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. చెప్పవలసినది దాని మరోవైపు గురించి. అందరూ పల్లకీ ఎక్కేవారైతే మోసేవారెవరన్న సామెత ఉమ్మడి పత్రానికి అక్షరాలా వర్తిస్తుంది. పదిమంది చేయి పెట్టే షీటులో ఒక అంకె తప్పితే, దానిని మరొకరు చూసే ఉంటారని ప్రతి ఒక్కరూ భావిస్తారు. ఆ తప్పు పట్టికలోనే ఆగిపోదు. సిఫారసుగా మారి రైతు మడిలోకి వెళుతుంది.

2. ఉమ్మడి పత్రం పనిచేసే తీరు

వేర్వేరు చోట్ల ఉన్న ఇద్దరు ఒకే పత్రంపై ఏకకాలంలో పనిచేయడం కొత్త ఆలోచన కాదు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ దీనిని బహిరంగంగా ప్రదర్శించారు. ఇద్దరు ఒకేసారి చేసిన మార్పులు ఒకదానినొకటి చెరపకుండా సర్దుబాటు చేసే గణిత పద్ధతిని 1989లో ఎల్లిస్, గిబ్స్ ప్రతిపాదించారు. ఒకరు వాక్యం మొదట్లో ఒక పదం చేర్చితే, అదే సమయంలో రెండవవారు చివర చేసిన దిద్దుబాటు స్థానాన్ని యంత్రం ఆ మేరకు జరిపి అమరుస్తుంది. 2006లో ఆరంభమైన గూగుల్ డాక్స్, షీట్స్ సేవలతో ఈ సౌకర్యం సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. వాక్యంలో ఇద్దరి మార్పులూ కలిసి నిలుస్తాయి. షీటులోని ఒక గడిలో మాత్రం అంకెలు కలవవు. చివరగా చేరిన అంకె నిలిచి, ముందున్నది తెర మీద నుంచి తొలగిపోతుంది. ఇంటర్నెట్ లేనిచోట ఆఫ్‌లైన్‌లో నమోదు చేసి, సిగ్నల్ అందిన తరువాత అనుసంధానించినప్పుడు కూడా ఇలా జరిగే అవకాశం ఉంది. చింతపల్లి వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఉదయం నమోదు చేసిన అంకె సాయంత్రం షీటుకు చేరి, మధ్యాహ్నం మరొకరు చేసిన సరైన దిద్దుబాటును తొలగించవచ్చు. ఏది తరువాత వచ్చిందో యంత్రానికి తెలుసు. ఏది సరైనదో తెలిసినది మడిలో కొలిచిన వ్యక్తికి మాత్రమే.

3. నమోదు దశలో పొరపాట్లు

ఈ విభాగంలోని అంకెలు వివరణ కోసం తీసుకున్నవి. మారుటేరు, బాపట్ల, నెల్లూరు, రాగోలు కేంద్రాల్లో ఒకే వరి పరీక్ష జరుగుతున్నదని అనుకుందాం.

3.1 తేదీ: జులై 6న నారు పోసిన కల్చర్ అక్టోబరు 10న 50 శాతం పూతకు వచ్చింది. వాస్తవ వ్యవధి 96 రోజులు. షీటు ప్రాంత అమరిక అమెరికాకు ఉంటే, 06/07 అని రాసిన తేదీని అది జూన్ 7గా గ్రహిస్తుంది. 10/10 అన్న తేదీలో తేడా రాదు. ఫలితంగా పూత వ్యవధి 125 రోజులుగా లెక్కకు వస్తుంది. పూత తరువాత కోతకు దాదాపు నెల రోజులు పడుతుంది కాబట్టి, మధ్యకాలిక కల్చర్ దీర్ఘకాలిక రకంగా కనిపిస్తుంది. పూత అక్టోబరు 3న వచ్చి ఉంటే, 03/10ని షీటు మార్చి 10గా చదివి వ్యవధిని రుణ సంఖ్యగా చూపుతుంది. ఆ తప్పు వెంటనే పట్టుబడుతుంది. 125 రోజులన్నది నమ్మదగిన అంకె కావడమే ప్రమాదం. ఇక 25/09 వంటి తేదీలో 25వ నెల ఉండదు గనుక షీటు దానిని తేదీగా కాక అక్షరాలుగా ఉంచుతుంది. ఒకే నిలువు వరుసలో కొన్ని తేదీలు తారుమారై, కొన్ని తేదీలే కాకుండా పోతాయి. షీటు అమరికల్లో ప్రాంతాన్ని భారతదేశంగా మార్చడం, నెలను అంకెతో కాక 06-జులై-2024 అన్నట్లు కనిపించేలా తేదీ రూపాన్ని నిర్ణయించడం దీనికి పరిష్కారం.

3.2 శూన్యం, ఖాళీ: మూడు కేంద్రాల్లో హెక్టారుకు 5200, 5600, 6000 కిలోల దిగుబడి రాగా, నాలుగవ కేంద్రంలో పరీక్ష ముంపునకు గురైంది. ఆ గడిని ఖాళీగా ఉంచితే సగటు 5600 కిలోలు. అక్కడ 0 అని రాస్తే సగటు 4200 కిలోలు. పంట పండకపోవడం, పరీక్ష రద్దు కావడం ఒకటి కావు. మొదటిది ఫలితం, రెండవది ఫలితం లేకపోవడం. రద్దయిన మడికి గడిని ఖాళీగా వదిలి, పక్కనే ఉన్న వివరణ గడిలో కారణం తప్పనిసరిగా రాయాలి.

3.3 అంకె పక్కన ప్రమాణం: 11.4 అని రాయవలసినచోట '11.4 కిలోలు' అని రాస్తే షీటు దానిని అంకెగా కాక అక్షరాలుగా తీసుకుంటుంది. సగటు కట్టే సూత్రం అటువంటి గడిని ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది. నలుగురి సగటు అనుకున్నది ముగ్గురి సగటు అవుతుంది. ప్రమాణం నిలువు వరుస శీర్షికలో ఉండాలి, గడిలో కాదు.

3.4 మడి విస్తీర్ణం, తేమ: నికర మడి 20 చదరపు మీటర్లు, దిగుబడి 11.4 కిలోలు అయితే హెక్టారుకు 5700 కిలోలు. గట్టు వరుసలను కలిపిన స్థూల విస్తీర్ణం 24 చదరపు మీటర్లతో లెక్కిస్తే అదే దిగుబడి 4750 కిలోలకు తగ్గుతుంది. గింజలో తేమ 18 శాతం ఉండగా 14 శాతానికి సవరిస్తే 11.4 కిలోలు 10.87 కిలోలు అవుతాయి. హెక్టారుకు సుమారు 5435 కిలోలు. ఒక కేంద్రం సవరించిన అంకెను, మరొక కేంద్రం సవరించని అంకెను ఒకే నిలువు వరుసలో ఉంచితే, తేడా రకానిదా లెక్కదా అన్నది ఏ విశ్లేషణా తేల్చలేదు. అందువల్ల కేంద్రాలు మడిలో కొలిచిన మూల అంకెలను మాత్రమే, అంటే మడి దిగుబడి, నికర విస్తీర్ణం, తేమ శాతాలను నమోదు చేయాలి. హెక్టారు దిగుబడిని షీటులోని సూత్రమే అన్ని కేంద్రాలకూ ఒకే తీరున లెక్కించాలి.

3.5 సంకేతాలు: ట్రీట్‌మెంట్‌కు 2-4 అనే సంకేతం ఇస్తే షీటు దానిని తేదీగా మార్చివేస్తుంది. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. జన్యుశాస్త్రంలో మార్చ్1, సెప్ట్2 వంటి జన్యు నామాలను ఎక్సెల్ తేదీలుగా మార్చడంవల్ల, జన్యువుల జాబితాలను ఎక్సెల్‌లో జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదవ వంతు తప్పులతో వెలువడినట్లు 2016లో ఒక అధ్యయనం చూపింది. చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చింది. పరీక్ష సంకేతాలను టి01, టి02 తరహాలో అక్షరంతో మొదలయ్యేలా నిర్ణయిస్తే ఈ బెడద ఉండదు.

పై పొరపాట్లలో అధిక భాగాన్ని గడికి ముందుగానే నియమం విధించి నివారించవచ్చు. తేమ శాతం గడిలో 8 నుంచి 30 వరకు అంకెలే చెల్లేలా, కల్చర్ పేరును జాబితా నుంచి మాత్రమే ఎంచుకునేలా అమర్చి, నియమం తప్పిన నమోదును తిరస్కరించే ఐచ్ఛికాన్ని ఎంచుకోవాలి. వేరొక షీటు నుంచి నేరుగా అతికించినప్పుడు ఈ నియమాలు చెరిగిపోయే అవకాశం ఉన్నందున, విలువలను మాత్రమే అతికించే పద్ధతిని పాటించాలి.

4. పరిశీలన స్వతంత్రంగా ఉండవలసిన అవసరం

యంత్రం వల్ల వచ్చే పొరపాట్లకు యంత్రంలోనే నివారణ ఉంది. ఉమ్మడి షీటు తెచ్చే మరో సమస్య మనిషి మనసుకు సంబంధించినది. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ప్రామాణిక మూల్యాంకన పద్ధతిలో అగ్గితెగులుకు 0 నుంచి 9 వరకు స్కోరు ఇస్తారు. ఇది కంటి అంచనా. ఒక కల్చర్‌కు మిగిలిన మూడు కేంద్రాలు 3 ఇచ్చినట్లు తెర మీద కనిపిస్తుండగా, నాలుగవ కేంద్రంలో 5కూ 7కూ మధ్య ఊగిసలాడే శాస్త్రవేత్త 5 వైపు మొగ్గడం సహజం. ఇందులో దురుద్దేశం లేదు. అయినా ఆ కేంద్రంలో తెగులు నిజంగా తీవ్రంగా ఉండి ఉంటే, ఆ ప్రాంతపు రైతును హెచ్చరించగల ఒకే ఒక్క అంకె బలహీనపడిపోతుంది.

దిగుబడి వంటి కొలతల్లోనూ ఇటువంటి ప్రభావం మరో రూపంలో కనిపిస్తుంది. ఒక కేంద్రంలోని మూడు రెప్లికేషన్లలో మడి దిగుబడులు 12.1, 11.8, 7.9 కిలోలుగా వచ్చాయనుకుందాం. ఇతర కేంద్రాల అంకెలు పొందికగా ఉండటం చూసినవారు మూడవ మడిని మాత్రమే తిరిగి తూకం వేయిస్తారు. అనుమానం కలిగిన అంకెనే సరిచూసి, నచ్చిన అంకెలను సరిచూడకపోవడం గణాంకాలను ఒకవైపుకు వంచడమే. సరిచూస్తే అన్నింటినీ సరిచూడాలి. లేదా ముందుగా నిర్ణయించిన నమూనా ప్రకారం సరిచూడాలి.

బహుళ కేంద్ర పరీక్షకు విలువ తెచ్చేది కేంద్రాల స్వతంత్రతే. నాలుగు కేంద్రాలు ఒకదానినొకటి చూసుకుంటూ నమోదు చేస్తే అవి నాలుగు సాక్ష్యాలు కావు. కాబట్టి నమోదు దశలో ప్రతి కేంద్రానికీ ప్రత్యేక ఫైలు ఉండాలి. ఒకే ఫైలులో వేర్వేరు షీట్లు పెట్టి రక్షణ విధిస్తే సరిపోదు. ఆ రక్షణ దిద్దడాన్ని ఆపుతుందే గాని చూడటాన్ని ఆపదు. దాచిన షీటును కూడా దిద్దే అనుమతి ఉన్నవారు తిరిగి తెరవగలరు. నాలుగు ఫైళ్లలోని అంకెలను ఇంపోర్ట్‌రేంజ్ సూత్రంతో సమన్వయకర్త వద్దనున్న ఐదవ ఫైలులోకి తెచ్చుకోవచ్చు. నమోదు గడువు ముగిసిన తరువాత ఆ ఐదవ ఫైలును అందరికీ చూసే అనుమతితో తెరవాలి. అక్కడి నుంచి ఉమ్మడి పరిశీలన మొదలవుతుంది.

5. పేరు, సవరణల చరిత్ర, యాజమాన్యం

ఉమ్మడి పత్రాలు అందించిన గొప్ప మేలు సవరణల చరిత్ర. ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారన్నది షీటు భద్రపరుస్తుంది. గూగుల్ షీట్స్‌లో ఒక గడిపై మౌస్ కుడి మీట నొక్కి ఆ గడి సవరణల వివరాలు చూడవచ్చు. కాగితం పట్టికలో కొట్టివేతకు సంతకం ఎంతో, ఇక్కడ ఈ చరిత్ర అంత.

ఈ మేలును రెండు అలవాట్లు దెబ్బతీస్తాయి. కేంద్రమంతటికీ ఒకే ఖాతా, ఒకే పాస్‌వర్డ్ వాడటం మొదటిది. అప్పుడు చరిత్రలో కేంద్రం పేరు తప్ప వ్యక్తి పేరు ఉండదు. లింకు ఉన్న ఎవరైనా దిద్దవచ్చునని పత్రాన్ని తెరిచి ఉంచడం రెండవది. ఖాతాతో ప్రవేశించనివారు అనామకులుగా కనిపిస్తారు. వారి మార్పులకు కర్త లేడు. కాబట్టి ప్రతి ఒక్కరికీ సొంత అధికారిక ఖాతాతోనే అనుమతి ఇవ్వాలి. చూసేవారు, వ్యాఖ్యానించేవారు, దిద్దేవారు అన్న మూడు స్థాయుల్లో అవసరమైనదే ఇవ్వాలి.

యాజమాన్యం మరో ముఖ్యాంశం. పరిశోధన విద్యార్థి వ్యక్తిగత ఖాతాలో సృష్టించిన షీటుకు యజమాని ఆ విద్యార్థే. చదువు ముగిసి ఖాతా వాడకం ఆగిపోతే, ఏళ్ల తరబడి సేకరించిన గణాంకాలకు దిక్కుండదు. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 చివరి నుంచి అమలులోకి తెచ్చింది. సంస్థ ఖాతాల్లో లభించే షేర్డ్ డ్రైవ్‌లో ఉంచిన ఫైళ్లు వ్యక్తికి కాక సంస్థకు చెందుతాయి. బదిలీలు, పదవీ విరమణలు వాటిని తాకవు. పరీక్షకు సంబంధించిన పత్రాల చోటు అదే.

6. సలహా పత్రం: ఆరంభం నుంచే కలిసి రాయడం

గణాంకాల నమోదుకు ఏది దోషమో, సలహాల రచనకు అదే గుణం. గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద మంగళ, శుక్రవారాల్లో వెలువడే వాతావరణ ఆధారిత సలహాలను రూపొందించడంలో వాతావరణ శాస్త్రవేత్త, సేద్య విభాగం, కీటక విభాగం, తెగుళ్ల విభాగం పాలుపంచుకుంటాయి. రెండు రోజుల్లో వర్షం ఉందని ఒకరు రాసిన వాక్యం, నేడు పైమందు పిచికారీ చేయాలని మరొకరు రాసిన వాక్యం పక్కపక్కనే కనిపించినప్పుడే వాటి మధ్య వైరుధ్యం బయటపడుతుంది. విడివిడిగా రాసి చివరలో అతికిస్తే ఆ వైరుధ్యం రైతు వద్దకు వెళ్లి బయటపడుతుంది.

ఇక్కడ కూడా ఒక కట్టుబాటు అవసరం. మందు మోతాదు వంటి అంకెను నేరుగా దిద్దకుండా, సూచన రీతిలో మాత్రమే మార్పు ప్రతిపాదించాలి. వరిలో ఆకుముడతకు క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. లీటరు నీటికి 0.3 మి.లీ., ఎకరాకు 200 లీటర్ల ద్రావణానికి 60 మి.లీ. దిద్దుబాట్ల సందడిలో దశాంశ బిందువు జారిపోతే 0.3 కాస్తా 3 అవుతుంది. మోతాదు పదిరెట్లు పెరుగుతుంది. మోతాదును లీటరుకూ ఎకరాకూ రెండు విధాలా రాస్తే, ఒకటి తప్పినప్పుడు రెండవది దానిని పట్టిస్తుంది. ప్రతి వ్యాఖ్యను సంబంధిత వ్యక్తికి పేరుతో అప్పగించాలి. చివరి ఆమోదం ఒక్కరిదే కావాలి. ఆమోదం తరువాత పత్రం చూసే అనుమతికి మాత్రమే పరిమితం కావాలి.

7. రైతుల వివరాలు

విస్తరణ విభాగాల షీట్లలో రైతు పేరు, ఫోను నంబరు, సర్వే నంబరు, కొన్నిసార్లు ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు కూడా ఉంటాయి. ఇటువంటి షీటు లింకు ఒక వాట్సాప్ గ్రూపులో పడితే అది ఎంతదూరం వెళుతుందో ఊహించలేము. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. చట్టం మాట అటుంచినా, ప్రదర్శన క్షేత్రానికి భూమి ఇచ్చిన రైతు తన వివరాలను నమ్మకంతో ఇస్తాడు. గణాంకాల షీటులో రైతుకు సంకేత సంఖ్య మాత్రమే ఉండాలి. సంకేతానికీ పేరుకూ ముడివేసే జాబితాను వేరొక ఫైలులో, ఒకరిద్దరికే అనుమతితో ఉంచాలి.

8. సూచించే ఆచరణ క్రమం

1. విత్తే ముందే షీటు నమూనాను అన్ని కేంద్రాలూ చర్చించి ఖరారు చేయాలి. నిలువు వరుసల పేర్లు, ప్రమాణాలు, తేదీ రూపం, సంకేతాలు ఆ తరువాత మారరాదు.

2. మూల నమోదు ఫీల్డ్ బుక్‌లోనే, సంతకంతో జరగాలి. షీటు దానికి ప్రతి మాత్రమే. రెండింటి మధ్య తేడా వస్తే ఫీల్డ్ బుక్ చెల్లుతుంది.

3. ఫీల్డ్ బుక్ నుంచి షీటులోకి ఎక్కించిన తరువాత ఒకరు బిగ్గరగా చదువుతుండగా మరొకరు తెరపై సరిచూడాలి. సరిచూసిన తేదీ, పేరు షీటులో నమోదు కావాలి.

4. షీటును నేరుగా క్రమం మార్చి అమర్చితే అందరికీ అలాగే మారుతుంది. ఒక నిలువు వరుసను మాత్రమే అమర్చితే అంకెలు ఒక కల్చర్ నుంచి మరొకదానికి జారిపోతాయి. పరిశీలనకు ఫిల్టర్ వ్యూ మాత్రమే వాడాలి.

5. గడువు తేదీన సమన్వయకర్త దిద్దే అనుమతులను ఉపసంహరించి, ఆ స్థితికి సవరణల చరిత్రలో ఒక పేరు పెట్టి, ఒక ప్రతిని పరిశోధనా స్థానం కంప్యూటరులో దించుకోవాలి.

6. గడువు తరువాత తప్పు బయటపడితే దిద్దుబాట్ల పట్టికలో గడి, పాత అంకె, కొత్త అంకె, కారణం, తేదీ, బాధ్యుని పేరు రాసిన తరువాతే మార్చాలి.

9. ముగింపు

ఉమ్మడి పత్రం దూరాన్ని తగ్గించింది గాని బాధ్యతను పంచలేదు. నాలుగు కేంద్రాల అంకెలు ఒకేచోట చేరడం ఎంత అవసరమో, అవి చేరేముందు ఏ కేంద్రం అంకె ఆ కేంద్రం కంటితో, ఆ కేంద్రం తూకంతో నిర్ణయం కావడం అంతే అవసరం. కొలిచేటప్పుడు విడిగా, చదివేటప్పుడు కలిసి, సలహా రాసేటప్పుడు మొదటి నుంచీ కలిసి పనిచేస్తే ఈ సాధనం తన పూర్తి ప్రయోజనాన్ని ఇస్తుంది. సిఫారసును నమ్మి 125 రోజుల పూత రకమనుకొని తన నీటి తడులను, తరువాతి అపరాల పంటను ప్రణాళిక చేసుకునే రైతుకు షీటు ప్రాంత అమరిక గురించి తెలియదు. ఆ విషయం తెలిసి ఉండవలసినది ఆ అంకెను నమోదు చేసినవారికి, సరిచూసినవారికి.